రెండు కిలోల ఊపిరితిత్తులు

(ఒక పట్టణ గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, పదవీ విరమణ చేసిన పెథాలజీ ఆచార్యుడు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. సభికులు అడిగిన రెండు ప్రశ్నలను చివర చేర్చాం.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ఒకే ఒక్క షరతు పెట్టారు. బొమ్మలు చూపించవద్దు, సభ తర్వాత టిఫిన్లు ఉన్నాయి అన్నారు. ముప్పై ఏళ్లు పెథాలజీ, అంటే జబ్బు ఒంట్లో ఏం మార్చిందో చూసే శాస్త్రం, పాఠం చెప్పినవాడిని బొమ్మలు లేకుండా మాట్లాడమనడం, వంటవాడిని ఉప్పు లేకుండా వండమనడమే. సరే, మాటలతోనే నెట్టుకొస్తాను.

2020లో మన ఫోన్లలో ఒక సందేశం తిరిగింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిషేధాన్ని లెక్కచేయకుండా ఇటలీ వైద్యులు కోవిడ్ మృతదేహాన్ని కోసి చూశారట. చంపుతున్నది వైరస్ కాదట, బాక్టీరియా అట. రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి మనిషి పోతున్నాడట. యాస్పిరిన్ బిళ్ల వేసుకుంటే ఇంట్లోనే నయమైపోతుందట. నాకు దాన్ని మొదట మా బావమరిది పంపాడు, తర్వాత మా పాలాయన, ఆ తర్వాత నా దగ్గర చదువుకున్న ఒక డాక్టరు! కొన్నాళ్లకు అదే సందేశంలో ఇటలీ పోయి రష్యా వచ్చింది. ఇంకొన్నాళ్లకు రష్యా పోయి సింగపూర్ వచ్చింది. మేము అలాంటిదేమీ చేయలేదు మహాప్రభో అని 2021 జూన్‌లో సింగపూర్ ఆరోగ్యశాఖ ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ శవపరీక్షను ఎన్నడూ నిషేధించలేదు.

నన్ను ఆలోచనలో పడేసింది అబద్ధం కాదు, అబద్ధమాడిన వాడి తెలివి. వాడు 'శాస్త్రవేత్తలు కనిపెట్టారు' అని రాయలేదు, 'కోసి చూశారు' అని రాశాడు. కోసి చూశారంటే మన జనం ఇక వాదించరు. పైగా ఆ అబద్ధంలో ఒక ముక్క నిజం, రక్తం గడ్డకట్టడం నిజంగానే కనబడింది. అందుకని ఈ సాయంత్రం రెండు సంగతులు చెప్పాలని వచ్చాను. నిజంగా కోసి చూసినవాళ్లకు ఏం కనబడింది? కనబడినదానికీ ఆ యాస్పిరిన్ బిళ్లకూ మధ్య ఎంత దూరం ఉంది?

ముందుగా ఒక అపోహ తీర్చుకుందాం. మనకు శవపరీక్ష అనగానే పోలీసులు, పంచనామా, మార్చురీ బయట చెట్టు కింద కూర్చున్న బంధువులు గుర్తొస్తారు. అది నేరానికో ప్రమాదానికో సంబంధించిన పోస్టుమార్టం, చేసేది ఫోరెన్సిక్ విభాగం. మా పెథాలజీ వాళ్లు చేసేది వేరు. ఆసుపత్రిలో జబ్బుతో పోయిన మనిషిని, కుటుంబం అనుమతితో, ఆ జబ్బు లోపల ఏం చేసిందో తెలుసుకోవడానికి పరీక్షిస్తాం. ఒక్కొక్క అవయవాన్ని తీసి తూకం వేస్తాం, కోసి చూస్తాం, చిన్న ముక్కలను ఫార్మలిన్‌లో ఉంచుతాం. తర్వాత వాటిని మైనంలో పోతపోసి, వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొరలుగా తరిగి, రంగులద్ది మైక్రోస్కోపు కింద పెడతాం. రెండో రకం మన దేశంలో దాదాపు కనుమరుగైంది. 'పోయినవాణ్ని మళ్లీ కోయాలా' అని కుటుంబం అడిగితే ఏ కుర్ర డాక్టరు మాత్రం ఏం చెబుతాడు? నేనూ చెప్పలేకపోయిన రోజులు ఉన్నాయి.

1761లో ఇటలీలోని పాడువాలో మోర్గాన్యి అనే ఆచార్యుడు, దాదాపు ఎనభై ఏళ్ల వయసులో, తాను జీవితమంతా చూసిన సుమారు 700 శవపరీక్షల వివరాలను అచ్చువేశాడు. బతికుండగా రోగి పడిన బాధ ఇది, చనిపోయాక లోపల కనబడిన దెబ్బ ఇది అని పక్కపక్కన పెట్టి చూపించాడు. జబ్బు ఒంటినిండా తిరిగే చెడ్డ ద్రవం కాదు, దానికి లోపల ఒక చోటు ఉంటుందన్న ఆలోచన అక్కడినుంచే బలపడింది. మేమంతా ఆయన బిడ్డలమే.

ఇక 2020కి వద్దాం. కొత్త జబ్బు వచ్చినప్పుడు అందరికంటే ముందు పిలవాల్సిన వాళ్లను అందరికంటే వెనక్కి నెట్టారు. కారణం భయం, అది అకారణ భయమూ కాదు. పుర్రెను విద్యుత్ రంపంతో కోసేటప్పుడు సన్నని తుంపర లేస్తుంది. గాలి ఆడని పాత మార్చురీలో ఆ తుంపర మధ్య నిలబడటం ఎవరికి ఇష్టం? శవపరీక్షలు వీలైనంత వరకు వద్దని 2020 మార్చిలో మన కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. పోలీసు కేసుల్లో కూడా శరీరాన్ని కోసే పద్ధతి వాడవద్దని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు వచ్చాయి. జర్మనీలో కూడా అంటువ్యాధుల జాతీయ సంస్థ అయిన రాబర్ట్ కోఖ్ ఇన్‌స్టిట్యూట్ మొదట్లో వద్దనే చెప్పింది.

ఆ మాట వినని ఊరు హాంబర్గ్. కోవిడ్‌తో పోయిన వారికి శవపరీక్ష తప్పనిసరి అని అక్కడి నగర అధికారులు ఆదేశించారు. క్లౌస్ ప్యూషెల్ అనే ఫోరెన్సిక్ ఆచార్యుడి విభాగంలో ఆ పని జరిగింది. వరసగా వచ్చిన మొదటి 12 మంది వివరాలు 2020 మేలో అచ్చయ్యాయి. పన్నెండంటే చాలా చిన్న లెక్క. కానీ వరసగా వచ్చిన పన్నెండు మంది అనే మాట మరిచిపోకండి. ఏరి తెచ్చిన పన్నెండుకూ, వచ్చింది వచ్చినట్టు చూసిన పన్నెండుకూ తేడా ఉంది.

వాళ్లు మొదట చూసింది తూకం. ఆరోగ్యంగా ఉన్న మగవాడి ఊపిరితిత్తులు రెండూ కలిపి తూస్తే ఎనిమిది తొమ్మిది వందల గ్రాములు, ఆడవాళ్లవి ఇంకా తక్కువ. హాంబర్గ్‌లో సగటు బరువు దాదాపు రెండు కిలోలు. ఆ అదనపు బరువు ఎక్కడిదో తెలియాలంటే మామూలు ఊపిరితిత్తి ఎలా ఉంటుందో తెలియాలి.

మాంసం దుకాణంలో చూసే ఉంటారు. లేత గులాబీ రంగు, నొక్కితే వేళ్ల కింద చిటపటమంటుంది, ముక్క కోసి నీళ్లలో వేస్తే తేలుతుంది. లోపలంతా గాలిబుడగలే. పాఠ్యపుస్తకంలో వాయుగోణులు అని చదువుకున్నాం కదా, అవే. ముప్పై కోట్లకు పైగా ఉంటాయి. వాటన్నిటినీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు, మన లెక్కలో 80 గజాల పైచిలుకు స్థలం. ఛాతీలో ఇంటి స్థలం పెట్టుకుని తిరుగుతున్నాం, రిజిస్ట్రేషన్ ఖర్చు లేకుండా! (నవ్వులు.) ఆ బుడగ గోడకు అవతలే రక్తం పారే కేశనాళిక. రెండింటి మధ్య గోడ ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, కూడా ఉండదు. ప్రాణవాయువు అంత పల్చని గోడను దాటి రక్తంలోకి వెళుతుంది.

వైరస్ దాడి చేసేది ఈ గోడ మీద. గోడలో ఒక రకం కణాలు సబ్బునీళ్ల వంటి పదార్థాన్ని తయారుచేసి బుడగ ముడుచుకుపోకుండా కాపాడుతుంటాయి. వైరస్ ముఖ్యంగా వాటిలోకే దూరుతుంది. అవి చావగానే బుడగలు ముడుచుకుపోతాయి, గోడ చిరుగుతుంది, అవతలి నాళంలోని ద్రవం, మాంసకృత్తులు లోపలికి కారతాయి. గంజి చల్లారితే పైన ఒక పొర కడుతుంది చూడండి, సరిగ్గా అలాంటి పొర ప్రతి బుడగ లోపలి గోడకూ అంటుకుంటుంది. మా రంగుల్లో అది మెరిసే గులాబీ పట్టీలా కనబడుతుంది. ఆసుపత్రిలో పైనుంచి ఎంత ఆక్సిజన్ పోసినా రక్తానికి అందదెందుకని 2020, 2021లో ఎంతమంది అడిగారో. ఆక్సిజన్ బుడగ వరకు వస్తుంది, కానీ ఆ గంజిపొరను దాటలేదు.

అలాంటి ఊపిరితిత్తిని చేత్తో పట్టుకుంటే ఊపిరితిత్తిలా ఉండదు. ముదురు ఎరుపు, బరువు, గట్టిదనం, అచ్చంగా కార్జమే. నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. మనిషి మూడు నాలుగు వారాలు బతికి ఉంటే, ఆ పొరలను శరీరం బాగుచేయబోయి పీచుకణజాలంతో పూడ్చేస్తుంది. అప్పుడిక అది కార్జం కూడా కాదు, తోలు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నా వృత్తికి ద్రోహం చేసినవాణ్ని అవుతాను. ఈ దృశ్యం కోవిడ్‌ది మాత్రమే కాదు. 2003 నాటి సార్స్‌లో కనబడింది, తీవ్రమైన ఇన్‌ఫ్లుయెంజాలో కనబడుతుంది, ఒళ్లంతా చీము విషమెక్కిన రోగుల్లో కనబడుతుంది. మన పల్లెల్లో పారాక్వాట్ గడ్డిమందు తాగినవాళ్ల ఊపిరితిత్తులు కూడా ఇదే దారిలో గట్టిపడతాయి. ఊపిరితిత్తికి ఏడవడం ఒకే విధంగా తెలుసు. కొట్టింది ఎవరన్నది ఆ ఏడుపును బట్టి చెప్పలేం.

మరి కోవిడ్‌ది అని చెప్పదగింది ఏమిటి? హాంబర్గ్‌లో వాళ్లు కాళ్ల లోపలి సిరలను కూడా తెరిచి చూశారు. మామూలుగా అందరూ అంత శ్రద్ధగా చూడరు. 12 మందిలో ఏడుగురి కాళ్లలో రక్తం గడ్డలు ఉన్నాయి. బతికి ఉండగా ఆ ఏడుగురిలో ఒక్కరి విషయంలోనూ వైద్యులకు అనుమానం రాలేదు. నలుగురిలో ఆ గడ్డ కాలినుంచి బయలుదేరి, గుండె మీదుగా వెళ్లి, ఊపిరితిత్తుల పెద్ద నాళాన్ని మూసేసింది. ఆ నలుగురి మరణానికి నేరుగా కారణం అదే. న్యుమోనియాతో పోయారనుకున్నవాళ్లు వాళ్లు.

ఇవి పెద్ద గడ్డలు, కంటికి కనబడేవి. అదే నెలలో జర్మనీ, స్విట్జర్లాండ్, బెల్జియం శాస్త్రవేత్తలు చిన్న గడ్డల కథ చెప్పారు. వాళ్లు చేసిన పోలిక నాకు చాలా నచ్చింది. కోవిడ్‌తో పోయిన ఏడుగురి ఊపిరితిత్తులు ఒక పక్క, 2009 ఇన్‌ఫ్లుయెంజాతో పోయిన ఏడుగురివి ఇంకో పక్క, ఏ వైరసూ సోకని పదింటిని మధ్యలో పెట్టుకుని చూశారు. గంజిపొర రెండింట్లోనూ ఉంది. కానీ గాలిబుడగల చుట్టూ ఉండే కేశనాళికల్లో చిన్న గడ్డలు ఇన్‌ఫ్లుయెంజాలో కంటే కోవిడ్‌లో తొమ్మిది రెట్లు. న్యూయార్క్, న్యూ ఆర్లియన్స్ పెథాలజిస్టులకు ఇంకో వింత కనబడింది. ప్లేట్‌లెట్లను (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడేవి) తయారుచేసే భారీ కణాలు ఎముకల మూలుగలో ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్లో, గుండెలో, మూత్రపిండాల్లో కూడా కనబడ్డాయి. కుండలు కాల్చే ఆవాన్ని ఎవరో నడిబజారులోకి తెచ్చిపెట్టినట్టు.

ఇదంతా చదివిన రోజున నేనూ సంబరపడ్డాను, దాచుకోను. ఇంకేం, రక్తం పలచన చేసే మందు గట్టిగా ఇస్తే సరి అనుకున్నాను. లోకమంతా అలాగే అనుకుంది. 2021 ఆగస్టులో పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఆసుపత్రిలో చేరి ఇంకా మరీ విషమించని రోగులకు హెపారిన్ అనే ఆ మందు పూర్తి మోతాదు కొంత మేలు చేసింది. ఐసీయూలో చావుబతుకుల మధ్య ఉన్నవారికి మాత్రం పూర్తి మోతాదు వల్ల, మామూలు నివారణ మోతాదు కంటే అదనంగా ఒరిగిందేమీ లేదు. మేము గడ్డలు చూసింది సరిగ్గా ఆ రెండో గుంపులోనే కదా! అంటే గడ్డ ఉన్న మాట నిజం, గడ్డ చంపిన మాట కూడా కొందరిలో నిజం, కానీ ఆ దశలో గడ్డను కరిగించబోవడం ఆలస్యం. ఇల్లు కాలిపోయాక బూడిదలో దొరికిన అగ్గిపుల్లను ఆర్పడం లాంటిది. ఇక మన వాట్సాప్ యాస్పిరిన్? బ్రిటన్‌లో రికవరీ అనే పరీక్షలో దాదాపు 15 వేల మంది ఆసుపత్రి రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు యాస్పిరిన్ ఇచ్చి చూశారు. 28 రోజుల్లో పోయినవారి శాతం రెండు జట్లలోనూ 17 దగ్గరే ఆగింది.

శవం చివరి రోజును చూపిస్తుంది, మొదటి రోజును చూపించదు. ఆ రెంటి మధ్య జరిగింది ఊహించుకోవాలి, ఆ ఊహను బతికున్న రోగుల్లో పరీక్షించి చూడాలి. సందేశం రాసినవాడు ఆ మెట్టు ఎగిరి దూకాడు. ఒక నెలపాటు నేనూ దూకాను.

కానీ ఊహ సరిగ్గా తగిలిన చోటు కూడా ఉంది. ఆలస్యంగా, అంటే జబ్బు మొదలై రెండు మూడు వారాలకు పోయినవారి ఊపిరితిత్తుల్లో చాలాసార్లు వైరస్ కొద్దిగానే దొరికింది, వాపు మాత్రం మిక్కుటంగా ఉంది. వైరస్ ఎక్కడ ఉందో వాపు అక్కడే ఉండాలన్న నియమమూ కనబడలేదు. దొంగ పారిపోయిన ఇంట్లో పోలీసులు తలుపులు విరగ్గొడుతున్నట్టు ఉంది దృశ్యం. డెక్సామెథసోన్ ఫలితం 2020 జూన్ 16న వచ్చింది. వాపును అణచే, ఐదారు దశాబ్దాల నాటి చవక స్టెరాయిడ్. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో ఐదో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు చేయలేదు. స్లైడు చూసినవాడికి దానిలో ఆశ్చర్యం లేదు. మొదటివారంలో పని చేసేది వైరస్, అప్పుడు శరీరం చేతులు కట్టేస్తే లాభం వైరస్‌కే.

ఆ చివరి వాక్యాన్ని మనం ఎలా వదిలేశామో 2021 వేసవిలో చూశాం. జ్వరం వచ్చిన మూడో రోజునుంచే స్టెరాయిడ్ మింగినవాళ్లు ఎందరో, అందులో షుగరు ఉన్నవాళ్లు ఎందరో. ఆ మే, జూన్ నెలల్లో హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని బ్లాక్ ఫంగస్ రోగులకు ప్రత్యేకించారు. దేశం మొత్తం మీద 40 వేలకు పైగా కేసులు. మా దగ్గరికి కంటిగూటినుంచి, సైనస్‌లనుంచి, అంగిలినుంచి తీసిన ముక్కలు రోజూ వచ్చేవి. అది బతికున్నవారి కణజాలం, అందుకే చేతులు ఇంకా వణికేవి. ఒక సంగతి చెబితే ఆశ్చర్యపోతారు, ఆ ఫంగస్ నలుపు కాదు. మైక్రోస్కోపులో అది వెడల్పాటి, మడతలు పడ్డ రిబ్బన్లలా, దాదాపు రంగు లేకుండా ఉంటుంది. అది ధమని గోడను తొలుచుకుని లోపలికి పోయి రక్తాన్ని ఆపేస్తుంది. రక్తం అందని కణజాలం చచ్చి నల్లబడుతుంది. నలుపు మనదే. ఇక్కడ కూడా కథ నాళాలదేనని గమనించారా?

గుండె గురించి రెండే మాటలు చెబుతాను, ఎందుకంటే అక్కడ దొరికింది భయపడినదానికంటే తక్కువ. రక్తపరీక్షల్లో గుండె దెబ్బతిన్న సూచనలు కనబడి, వైరస్ గుండె కండరాన్నే తింటోందని అందరూ హడలిపోయారు. 22 నివేదికల్లోని 277 గుండెలను ఒకచోట చేర్చి లెక్క వేస్తే, అసలు సిసలైన గుండె కండర శోథ, అంటే కండరం వాపు, రెండు శాతం కంటే తక్కువ. అక్కడక్కడ ఒక్కొక్క కణం చావడం, చిన్న నాళాల్లో గడ్డలు, అంతకు ముందే ఉన్న పాత గుండెజబ్బు, ఎక్కువగా దొరికినవి ఇవీ. మూత్రపిండాల్లో మాత్రం తిరగబడింది లెక్క. చైనాలో పరీక్షించిన 26 మందిలో తొమ్మిది మందికే బతికుండగా మూత్రపిండాలు దెబ్బతిన్న సూచనలు ఉన్నాయి, స్లైడుల మీద సన్నని గొట్టాల దెబ్బ అంతకంటే చాలామందిలో ఉంది. కాలేయంలో కొవ్వు, రక్తం నిలవ ఉండటం. అవి మన ఊళ్లో ఏ మధ్యవయస్కుడిలోనైనా దొరుకుతాయి, నాతో సహా.

మెదడు దగ్గర ఆగాలి. వాసన పోయింది, మాట తడబడింది, మతి చెదిరింది అని రోగులు చెబుతుంటే, వైరస్ నేరుగా మెదడులో దూరి పాడుచేస్తోందని అందరం అనుకున్నాం. హాంబర్గ్ వాళ్లే 43 మెదళ్లు చూశారు. సుమారు సగం మందిలో వైరస్ ఆనవాలు దొరికింది. మెదడు కాండంలో, చిన్నమెదడులో కాపలా కణాలు రేగి ఉన్నాయి. కానీ వైరస్ దొరికిన మెదడుకీ దొరకని మెదడుకీ దెబ్బ తీవ్రతలో తేడా లేదు. ఆ తర్వాత 2022 డిసెంబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల బృందం 44 శవపరీక్షల వివరాలు ప్రకటించింది. ఒంట్లో ఎన్నో చోట్లనుంచి నమూనాలు తీశారు. వైరస్ ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యుపదార్థం, దాదాపు అంతటా ఉంది, మెదడులోనూ ఉంది. ఒకరిలో జబ్బు మొదలైన 230 రోజుల తర్వాత కూడా దొరికింది. మరి ఊపిరితిత్తులు తప్ప మిగిలిన చోట్ల వాపు, కణాల చావు? చాలా తక్కువ. పత్రికలు మొదటి సగాన్ని పెద్ద అక్షరాల్లో వేశాయి, రెండో సగాన్ని వేయలేదు. ఉండటం వేరు, పాడుచేయడం వేరు. మన ఇంట్లో బల్లి ఉంది, అంతమాత్రాన గోడ కూలదు.

ఇంత చెప్పాక 1918 సంగతి చెప్పకుండా కూర్చోలేను. ఆ ఇన్‌ఫ్లుయెంజాలో మన దేశంలోనే కోటికి పైగా పోయారు. అప్పటికి వైరస్‌ను చూసినవాడు లేడు. అయినా పెథాలజిస్టులు కోశారు, తూచారు, రాసిపెట్టారు, మైనం దిమ్మల్లో ముక్కలు దాచారు. తొంభై ఏళ్ల తర్వాత, 2008లో, అమెరికా శాస్త్రవేత్తలు మోరెన్స్, టౌబెన్‌బర్గర్, ఫౌచీ ఆ పాత రికార్డులు తిరగేశారు. 109 నివేదికల్లో 8,398 శవపరీక్షలు. వాటితోపాటు దాచి ఉంచిన 58 మంది ఊపిరితిత్తుల ముక్కలను కొత్తగా చూశారు. అత్యధికులను చివరికి పడగొట్టింది వైరస్ వెనక వచ్చిన బాక్టీరియా న్యుమోనియా. వైరస్ తలుపు తీసింది, మన గొంతులో ఎప్పుడూ ఉండే క్రిములే లోపలికి దూరాయి. అప్పుడు పెన్సిలిన్ లేదు. 1918లో 'బాక్టీరియా చంపింది' అని ఎవరైనా సందేశం పంపి ఉంటే అది చాలావరకు నిజమయ్యేది!

ఆ దిమ్మల్లో ఒకటి 21 ఏళ్ల సైనికుడిది. 1918 సెప్టెంబరు 26న అమెరికాలో దక్షిణ కరొలినాలోని ఒక శిబిరంలో చనిపోయాడు. అతని ఊపిరితిత్తి ముక్క గోదాములో దాదాపు ఎనభై ఏళ్లు ఉండిపోయింది. టౌబెన్‌బర్గర్ బృందం అందులోంచి వైరస్ జన్యు తునకలు బయటికి తీసి 1997లో ప్రకటించింది. ఆ వార్త చదివిన యోహాన్ హల్టిన్ అనే ముసలి పెథాలజిస్టు ఆగలేకపోయాడు. ఆయన 1951లోనే అలాస్కాలోని బ్రెవిగ్ మిషన్‌కు వెళ్లి, గడ్డకట్టిన నేలలో ఉన్న 1918 నాటి సమాధి తవ్వి, వైరస్‌ను బతికించలేక వెనక్కి వచ్చినవాడు. దాదాపు 80 మంది పెద్దవాళ్లు ఉన్న ఆ ఊళ్లో 1918లో కొద్ది రోజుల్లో 72 మంది పోయారు. ఈసారి డెబ్బై రెండేళ్ల వయసులో, సొంత డబ్బుతో, ఊరి పెద్దల అనుమతి తీసుకుని మళ్లీ తవ్వాడు. పక్కటెముకలు కోయడానికి భార్య తోటపనికి వాడే కత్తెర పట్టుకెళ్లాడు. ఒంట్లో కొవ్వు ఎక్కువ ఉన్న ఒక స్త్రీ ఊపిరితిత్తులు చెడిపోకుండా దొరికాయి. 2005కల్లా ఆ వైరస్ జన్యుక్రమం పూర్తయింది.

మన దగ్గర ఢిల్లీ ఎయిమ్స్‌లో సూదితో నమూనాలు తీశారు, భోపాల్ ఎయిమ్స్‌లో పూర్తి శవపరీక్షలు చేశారు, ఇంకా కొన్ని చోట్ల ధైర్యం చేశారు. 2021 ఏప్రిల్, మే నెలల్లో మనం చూసిన చావులతో పోలిస్తే ఆ దిమ్మలు ఎన్ని? ఒక చిన్న బీరువాలో పట్టేస్తాయేమో. అడగండి, ప్రశ్నలు అడగండి. టిఫిన్లు చల్లారుతున్నాయని కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు.

(ఒక యువకుడు: వెంటిలేటరే ఊపిరితిత్తులను పాడుచేసింది, ఆసుపత్రికి వెళ్లకపోతే బతికేవారు అని మా ఊళ్లో అంటారు. నిజమా?)

సగం ప్రశ్న మంచిది బాబూ. వెంటిలేటర్ ఒత్తిడి కూడా ఇలాంటి దెబ్బే వేయగలదు, అది మాకు కోవిడ్‌కు ముందే తెలుసు. ఐసీయూలో మూడు వారాలు ఉండి పోయినవారి ఊపిరితిత్తిలో ఏది వైరస్ పని, ఏది యంత్రం పని, ఏది ఆసుపత్రిలో అంటుకున్న బాక్టీరియా పని అని విడదీయడం కష్టం. కానీ వెంటిలేటర్ ముఖం చూడకుండా ఇంట్లోనే పోయినవారికి కూడా శవపరీక్షలు జరిగాయి. వాళ్లలోనూ ఆ గంజిపొర ఉంది. కాబట్టి మీ ఊరివాళ్ల రెండో సగం మాట నేను ఒప్పుకోను.

(ఒక మహిళ: మా వారికి పన్నెండో రోజు. ఆక్సిజన్ తగ్గించారు, నాతో మాట్లాడారు, రేపో ఎల్లుండో పంపిస్తామన్నారు. బాత్రూంకు వెళతానంటే నేనే పట్టుకుని తీసుకెళ్లాను. అక్కడే పడిపోయారు. నేను తీసుకెళ్లకుండా ఉండాల్సిందా?)

కూర్చోండమ్మా, కూర్చోండి.

హాంబర్గ్‌లో ఆ నలుగురి సంగతి చెప్పాను కదా, మీరు చెప్పింది దానికి దగ్గరగా ఉంది. అదే అయి ఉంటుందని మాత్రం చెప్పను. గుండె లయ తప్పినా అలాగే పడిపోతారు, నాలుగు అడుగులు వేయగానే ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోయినా అలాగే జరుగుతుంది. ఏది జరిగిందో తెలుసుకునే దారి ఆ రోజు ఒక్కటే ఉండేది, అప్పట్లో ఆ తలుపు మూసి ఉంది. గడ్డే అయితే, అది ఆ ఉదయం పుట్టింది కాదమ్మా. కాలి సిరలో కొన్ని రోజులనుంచి పెరుగుతూ ఉండి ఉంటుంది. మీరు తీసుకెళ్లినా, వార్డు బాయ్ తీసుకెళ్లినా, ఎవరూ తీసుకెళ్లకపోయినా, ఆయన మంచం మీద పక్కకు తిరిగి పడుకున్నా అది కదిలేది.